ఎడమవైపు కుర్చీ

పాపాయికి నలభై ఎనిమిదేళ్లు. నవ్వేవాళ్లు నవ్వవచ్చు. హాలు బయట పోస్టరు మీద ఆమెకు ఇంటిపేరుతో సహా నిండైన పేరుంది. దాని కింద, రొమాంటిక్ యుగపు పియానో సంగీతంలో మేటి అని ఒక బిరుదు కూడా ఉంది. ఇంట్లో, పియానో గదిలో, తల్లి నోటికి మాత్రం ఆమె పాపాయే. జుట్టుకు రంగు వేయడం మొదలుపెట్టి, విసుగుపుట్టి మానేశాక కూడా పాపాయే.

ఆ గదిలో పియానో కాక చెప్పుకోదగ్గ సామాను తల్లి కుర్చీ ఒక్కటే. పియానోకు ఎడమ పక్కన, కాస్త వెనక్కి ఉంటుంది. వాయించేవాళ్ల చేతులు అక్కణ్ణించి తేటగా కనిపిస్తాయి. తల్లి అందులో వెన్ను నిటారుగా పెట్టి కూచుని, చేతిలో పెన్సిలు పట్టుకుని వింటుంది. తప్పు దొరికితే పెన్సిలుతో కుర్చీ చేతి మీద ఒక్కసారి కొడుతుంది. పాపాయి ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ఇద్దరికీ తెలుసు. కుర్చీ చేతి మీద ఆ చోట రంగు పోయి చెక్క బయటపడింది.

ఆ మంగళవారం పొద్దున వాళ్లు పట్టుకున్నది పాత నాక్టర్నే. రాత్రి నెమ్మదిని పాడే నాలుగు పేజీల చిన్న రచన. పాపాయి ఎక్కడ కచేరీ చేసినా చివరికి జనం అదే అడుగుతారు. అందులో మూడు గొంతులున్నాయి. పైన కుడిచేతి చిటికెనవేలు పాడే పాట. కింద ఎడమచేతి దరువు. ఆ రెంటి మధ్య ఖాళీని నింపుకుంటూ బొటనవేళ్లు వేసే స్వరాలు. వినేవాళ్ల చెవిలో పడేది పై పాటే. పాపాయికి మాత్రం చిన్నప్పటి నుంచీ మూడో పేజీలో ఆ నడిమి స్వరాల్లో మరో పాట వినపడుతూ ఉంటుంది. పై పాట ఏదో అడుగుతుంటే లోపలి గదిలోంచి ఎవరో జవాబు చెప్తున్నట్టు ఉంటుంది. కుడి బొటనవేలు కొంచెం వాలిస్తే చాలు, అది బయటికి వస్తుంది.

వాల్చడానికి వీల్లేదు. మూడో పేజీ మీద తల్లి రాసిన 'పై గొంతు' అన్న మాట కింద మూడు గీతలున్నాయి. ఎన్నిసార్లు చెరిపి ఎన్నిసార్లు దిద్దిందో, అక్కడ కాయితం పలచబడింది. పెళ్లిలో పెళ్లికూతురు కనపడాలి గానీ వంటవాళ్లు కాదని తల్లి సామెత. అది సామెతో, తల్లి సొంత కవిత్వమో పాపాయి ఎప్పుడూ అడగలేదు. ఆ ఇంట్లో అడగనివి చాలానే ఉన్నాయి.

వాళ్లు మూడో పేజీలోకి వస్తుండగా తమ్ముడు కుడివైపు తలుపు సందులోంచి తల పెట్టాడు. ఫోను చెవికి ఆనించుకుని, రెండో చేత్తో ఆగమని సైగ చేశాడు. అక్క కచేరీల తేదీలు, ప్రయాణాలు, ఒప్పందాలు అన్నీ చూసుకునేది అతనే. అవతల కచేరీలు పెట్టించే మేనేజరు అయి ఉంటాడు. చేతుల మీంచి కళ్లు తిప్పని తల్లి అతన్ని చూడలేదు.

పాపాయి వాయించడం ఆపలేదు, చప్పుడు మాత్రం ఆపింది. వేళ్లు దారి మరిచిపోకుండా పియానో వాళ్లంతా చేసే పనే అది. తెల్ల, నల్ల మెట్లు నొక్కకుండా వాటి మీద వేళ్లు నడిపించుకుంటూ పోతారు. గదిలో తమ్ముడి గొంతు తప్ప మరో శబ్దం లేదు. అలా అరపేజీ నడిచింది.

టక్కున పెన్సిలు మోగింది.

"ఎడమ చెయ్యి మోతెక్కువైంది. పై గొంతు తేలాలి" అంది తల్లి.

పాపాయి చేతులు మెట్ల మీదే ఉండిపోయాయి. తల్లి వేళాకోళమాడే మనిషి కాదు. మొహంలో ఎప్పటి చిరాకే ఉంది. పాపాయి మళ్లీ అరపేజీ వెనక్కి వెళ్లి, ఈసారి కావాలనే, ఒక్క మెట్టూ కిందికి దిగకుండా వేళ్లు నడిపించింది. ఎడమ చెయ్యి కొంచెం పైకెత్తి, మెత్తగా వాయిస్తున్నట్టు పెట్టింది. తల్లి తల ఊపింది. ఇప్పుడు బాగుందని చెప్పి పేజీ తిప్పమంది.

 అమ్మకు వినపడటం లేదు. ఎన్నాళ్ల నుంచో వినపడటం లేదు. ఈ కుర్చీలో కూచుని ఇన్నాళ్లూ ఆవిడ వింటున్నది కళ్లతోనే. మొదట జాలేసింది. పాపం, ఎవరికీ చెప్పుకోకుండా ఒక్కర్తే మోసుకుంటోందే అనుకుంది. ఆ జాలి అలా ఉండగానే దాని అడుగు నుంచి సంతోషం తన్నుకొచ్చింది. సంతోషం వేసినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా సంతోషం పోలేదు.

వంటింట్లో తమ్ముడు గట్టుకు ఆనుకుని నారింజ పండు ఒలుచుకుంటున్నాడు. పాపాయి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, అమ్మకు వినపడటం లేదన్న సంగతి చెప్పింది. గొంతు తగ్గించాల్సిన అవసరం లేదని చెప్పేశాక గుర్తొచ్చింది.

అతను ఆశ్చర్యపోలేదు. తొనలు విడదీస్తూ, వీధి చివర కొట్టువాడికి తెలుసు, అమ్మ దగ్గర పాఠాలకు వచ్చే పిల్లల తల్లులకు తెలుసు, అందుకే పిల్లలు ఒక్కొక్కరే తగ్గిపోయారు అన్నాడు. చెవి మిషను సంగతి తను ఒకసారి ఎత్తితే అమ్మ వారం రోజులు మాట్లాడలేదట.

"నాకెందుకు చెప్పలేదు?" అంది పాపాయి.

"నీకు తెలీదని నాకేం తెలుసు? రోజూ పక్కనే ఉంటావు. నువ్వు అమ్మ మాట వింటావు గానీ, అమ్మ వింటోందో లేదో ఎప్పుడైనా చూశావా అక్కా?"

 తమ్ముడు ఒక తొన ఆమె చేతిలో పెట్టి అసలు కబురుకు వచ్చాడు. మేనేజరు మరో మూడేళ్లకు ఒప్పందం ఇస్తానన్నాడు. అవే ఊళ్లు, అవే రచనలు, చివర అదే నాక్టర్న్. శనివారం కచేరీ అయ్యాక సంతకం. పాపాయి కొత్తవేవైనా పెట్టకూడదా అని అడిగింది. పోయినసారీ అడిగింది. తమ్ముడు పోయినసారి ఇచ్చిన జవాబే ఇచ్చాడు. జనం ఆమె దగ్గరికి కొత్తది వినడానికి రారు, పాతదాన్ని మళ్లీ వినడానికి వస్తారు. రొమాంటిక్ అన్న మాట చూసి, అది పాత యుగం పేరని తెలియక, పెళ్లిరోజు చేసుకునే జంటలు కొన్ని వస్తాయి, వాళ్లకు ఏదైనా ఒకటే. చెప్పి తనే నవ్వుకున్నాడు.

పాపాయి నవ్వలేదు. నారింజ తొన చేతిలో వెచ్చబడుతుంటే ఒక నిశ్చయానికి వచ్చింది. రచన మార్చనివ్వరు, సరే. వరస మార్చనివ్వరు, సరే. శనివారం మూడో పేజీలో నడిమి గొంతు పైకి తెస్తుంది. ఒక్కసారి, హాలు నిండా జనం ఉండగా, తనకు వినపడ్డట్టు వాయిస్తుంది. అది అయ్యాక మూడేళ్లు కాదు, ముప్పై ఏళ్లకైనా సంతకం పెడుతుంది. అమ్మకు ఎలాగూ తెలియదు.

మర్నాడు పొద్దున తల్లి కుర్చీలో కూచుంది, పెన్సిలు తీసింది. పాపాయి మొదటి రెండు పేజీలూ ఎప్పటిలా వాయించింది. మూడో పేజీ మొదట్లో కుడి బొటనవేలు మొదటి కణుపు దగ్గర కొంచెం వంచి, బరువంతా దాని మీదికి జార్చి, చిటికెనవేలిని తేలికచేసింది. రాలేదు. మెట్టు గట్టిగా మోగింది గానీ పాట కాలేదు, తలుపు కొట్టినట్టుంది. రెండోసారి కొంచెం నయం. మూడోసారి మూడు స్వరాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడిచాయి. పాపాయికి కళ్లు చెమర్చాయి. పెన్సిలు మోగలేదు.

దొంగతనం అలవాటైన పిల్లలా ఆమె ఆ రోజంతా మూడో పేజీ చుట్టూనే తిరిగింది. అమ్మ పక్కనే ఉంది, పక్కనుండగానే వద్దన్న పని జరుగుతోంది. పెళ్లికూతురు వెనక్కి తగ్గి వంటవాళ్లు పాడుతున్నారు. ఒకసారి తల్లి కుర్చీ కాళ్లు నేల మీద గీసిన చప్పుడైంది. పాపాయి ఉలిక్కిపడి చూసింది. తల్లి కుర్చీని కొంచెం ముందుకు లాక్కుంది, అంతే. పెన్సిలు పైకెత్తి పట్టుకుని ఉంది గానీ కొట్టలేదు. అలా పట్టుకునే కాసేపు చూసి, ఒళ్లో పెట్టుకుంది.

గురువారం సాయంత్రం సాధన అయ్యాక పుస్తకం మూస్తుంటే, తల్లి ఆమె కుడిచేతిని దీపం వెలుగులోకి తిప్పి చూసింది.

"బొటనవేలి గోరు పెరిగింది. తీసుకో" అంది.

గోరు పెద్దగా పెరగలేదు. పాపాయి సరేనని తల ఊపింది. తీసుకోవడం మర్చిపోయింది.

శనివారం మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉంది. శ్రుతి చేసే ఆయన పని ముగించి, తన సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. కుర్చీల మధ్య ఒకతను చెత్త ఊడుస్తున్నాడు. మేనేజరు వచ్చి, ఎడమవైపు టికెట్లు ఎప్పటిలాగే ముందే అయిపోయాయని చెప్పాడు. ఎక్కడైనా అంతే. ఎడమవైపు కూచున్నవాళ్లకు చేతులు కనిపిస్తాయి. కుడివైపు వాళ్లకు పియానో ఒళ్లు అడ్డం, మొహం తప్ప మరేమీ కనపడదు. ఎడమవైపు మొదటి వరసలో నడవ పక్క కుర్చీ మాత్రం ఏ కచేరీకీ అమ్మరు. అది తల్లిది. తల్లి సాయంత్రం తమ్ముడితో వస్తుంది.

అతను వెళ్లాక పాపాయి స్టూలు ఎత్తు సరిచేసుకుని మూడో పేజీ నుంచి ఎత్తుకుంది. పెద్ద పియానో, మంచి చెక్క. బొటనవేలు ఇలా వాలిందో లేదో నడిమి గొంతు హాలు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. ఊడ్చే అతను చీపురు ఆపి తలెత్తి చూసి, మళ్లీ వంగాడు. పాపాయి మూడుసార్లు వాయించింది, మూడుసార్లూ వచ్చింది. ఇక వేలికి దారి తెలిసిపోయిందని, భయం లేదని అనుకుంది.

సాయంత్రం హాలు నిండింది. కచేరీ మొదటి సగం సాఫీగా సాగింది, రెండో సగమూ సాగింది. చివరికి నాక్టర్న్ వంతు వచ్చింది. ఆమె చేతులు మెట్ల మీద పెట్టగానే హాల్లో చిన్న నిట్టూర్పు లేచింది. ఎదురుచూసింది దొరికినవాళ్ల నిట్టూర్పు. చూడకపోయినా తెలుసు, ఎడమవైపు మొదటి వరసలో అమ్మ వెన్ను నిటారుగా పెట్టుకుని కూచుంది, కళ్లు తన చేతుల మీదున్నాయి.

మొదటి పేజీ అయింది. రెండోది అయింది. మూడో పేజీలోకి వస్తుండగా పాపాయి ఊపిరి బిగబట్టి బరువును బొటనవేలి మీదికి పంపింది. వేలు కదల్లేదు. అంటే మెట్టును నొక్కింది, స్వరం పలికింది. కానీ ఎప్పటి బుద్ధిమంతపు పలుకే. పైన చిటికెనవేలు తనంతట తాను నిలబడి, మెరుస్తూ, అందరికీ తెలిసిన పాట పాడుకుపోయింది. నడిమి గొంతు పైకి రావాల్సిన రెండో చోటు వచ్చింది. ఇప్పుడు, అనుకుంది పాపాయి. మణికట్టు బిగిసిపోయింది. పెన్సిలు లేదు, కుర్చీ చెయ్యి లేదు, వినే చెవి కూడా లేదు. అయినా చెయ్యి పెన్సిలు మోగకముందే ఆగిపోయింది. మూడో చోటు, నాలుగోది. తన చెయ్యి ఎవరిదో చెయ్యి అయినట్టు, తను దాని పక్కన కూచుని చూస్తున్నట్టు అనిపించింది. కాపలావాడు నిద్రపోతే పారిపోదామనుకుంది గానీ, తాళంచెవి తన ఒంట్లోనే కరిగిపోయిందని ఆమెకు తెలియదు. నాలుగో పేజీ దానంతట అదే అయిపోయింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంత బాగా ఎప్పుడూ వాయించలేదని ముందు వరసలో ఎవరో అంటున్నారు. పాపాయి వంగి నమస్కరించింది. తలెత్తేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. అది చూసి జనం ఇంకా గట్టిగా కొట్టారు.

వేదికకు కుడి పక్కన, తెర వెనకాల, కళాకారులు నిలబడే ఇరుకు చోటుంది. పాపాయి అక్కడికి వచ్చి గోడకు ఆనుకుంది. తమ్ముడు నీళ్ల సీసా అందించి, మేనేజరు కాయితాలు తెస్తున్నాడని చెప్పి, మళ్లీ వెళ్లి ఇంకోటి వాయించాలని గుర్తుచేసి వెళ్లాడు. అప్పుడు వెనక తలుపు తీసుకుని తల్లి వచ్చింది. కచేరీ మధ్యలో ఆవిడ తన కుర్చీలోంచి లేచి రావడం పాపాయి ఎన్నడూ చూడలేదు.

"ఎందుకు మానేశావు?" అంది తల్లి. చప్పట్లలో కూడా వినపడేంత గట్టిగా అంది. వినపడని వాళ్లు మాట్లాడినట్టే.

ఏంటమ్మా అని పాపాయి పెదవులు కదిపింది. తల్లి కళ్లు ఆమె పెదవుల మీదున్నాయి. ఇన్నాళ్లూ అమ్మ తన కళ్లలోకి సూటిగా చూడలేదెందుకో ఆమెకు అప్పుడు అర్థమైంది.

"బొటనవేలు. బుధవారం నుంచీ వాలుస్తూనే ఉన్నావు. ఇవాళ వాల్చలేదు."

 నీకు వినపడదు కదా అంది పాపాయి. అన్నాక నాలుక కరుచుకుంది.

"వినపడదు" అంది తల్లి, ఆ మాటలో ఏమీ లేనట్టు. "కనపడుతుంది. నీకు పన్నెండేళ్లప్పుడు ఇలాగే వాల్చేదానివి. అప్పుడు వినపడేది కూడా."

"అప్పుడే కదమ్మా మూడు గీతలు గీశావు."

"పోటీ ఉంది. పోటీలో మార్కులు పై గొంతుకే వేస్తారు. గీశాను."  తల్లి చేతిలో పెన్సిలు లేక వేళ్లు ఊరికే కదులుతున్నాయి. "బాగుండేది, పాపాయీ. అది ఎలా ఉండేదో నాకింకా గుర్తే. ఈ మూడు రోజులూ నీ వేలు వాలినప్పుడల్లా నాకు వినపడింది. ఇవాళ మళ్లీ వింటాననుకుని వచ్చాను."

పాపాయికి ఒక్కసారిగా కోపం వచ్చింది. ముప్పై ఆరేళ్ల కోపం. బాగుందని తెలిసీ ఆపించావా అని అరవాలనుంది. అరిచినా వినపడదు. మెల్లగా చెప్పినా అంతే. ఆ మాటకు ఒక మార్గమే ఉంది, పెదవుల మీంచి చదువుకోవడం. పాపాయి తల్లికి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"ఇక్కడ నువ్వు నా చేతులు చూస్తుంటే నాకు చెయ్యి రాదు."

తల్లి చదువుకుంది. మొహం మారలేదు. బయట చప్పట్లు ఒకే తాళంలోకి వచ్చాయి. తల్లి అటూ ఇటూ చూసి, గోడ పక్కనున్న మడత కుర్చీని లాక్కుని, తెర అంచు దాకా జరిపి, పియానో వైపు తిప్పి వేసుకుంది. అక్కడి నుంచి పియానో సన్నబడే వెనక కొస, దాని తోక, కనిపిస్తుంది. ఎత్తిన మూత కనిపిస్తుంది. వాయించే మనిషి మొహం కనిపిస్తుంది. చేతులు కనిపించవు.

"అమ్మా, ఇక్కణ్ణించి నీకేం..." అని పాపాయి మొదలుపెట్టింది. తల్లి ఆమె వైపు చూడటం లేదు. కూచుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, వెళ్లమన్నట్టు చెయ్యి ఊపింది.

పాపాయి వెళ్లి కూచుంది. అదే నాక్టర్న్ మళ్లీ ఎత్తుకుంటే హాల్లో గుసగుస లేచింది. అయిపోయిన రచనను వెంటనే మళ్లీ వాయించడం ఎవరూ చేయరు. తలుపు దగ్గర తమ్ముడు చేతులు రెండూ తల మీద పెట్టుకోవడం కనపడింది. ఎడమవైపు మొదటి వరసలో నడవ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె దాన్ని చూసి, తల తిప్పుకుంది.

మూడో పేజీలో మొదటి చోట రాలేదు. రెండో చోటా రాలేదు. ఆమె తలెత్తింది. పియానో తోక అవతల, తెర అంచున, తల్లి మొహం చీకట్లో తెల్లగా ఉంది. ఆ కళ్లు చేతుల్ని వెతకడం లేదు. వినపడక, కనపడక, ఊరికే కూతురి మొహాన్ని చూస్తూ కూచుంది. మూడో చోట బొటనవేలు వాలింది. వచ్చింది. పై పాట కాస్త తగ్గి చోటిచ్చింది. లోపలి గదిలో ఇన్నాళ్లూ జవాబు చెప్తున్న గొంతు గడప దాటి బయటికి వచ్చి, ఏడు స్వరాలు నడిచింది. నాలుగో చోట మళ్లీ రాలేదు. రానివ్వలేదో, చేతకాలేదో పాపాయికి తెలియదు. మిగతాది ఎప్పటిలాగే అయిపోయింది.

చప్పట్లు ఈసారి కొంచెం ఆలస్యంగా, కొంచెం తక్కువగా మొదలయ్యాయి. ఆమె తెర వెనక్కి వచ్చేసరికి తమ్ముడు, మేనేజరు కాయితాలతో నిలబడి ఉన్నారు. మేనేజరు, రెండోసారి మధ్యలో ఏదో తడబడినట్టుందని మర్యాదగా అంటున్నాడు. పాపాయి వాళ్లను దాటుకుని వెళ్లి మడత కుర్చీ ముందు మోకాళ్ల మీద కూచుంది.

"వాయించావా?" అని అడిగింది తల్లి.

పాపాయి ఒక్కచోట అన్నట్టు వేలు చూపించి తల ఊపింది. తల్లి ఆ చేతిని ఒళ్లోకి తీసుకుని, బొటనవేలిని తన రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కణుపు దగ్గర్నుంచి కొసదాకా మెల్లగా నిమిరింది. గోరు దగ్గర ఆగింది.

"తీసుకోమన్నాను కదే" అంది.